పసుపు చేనిలో పూచిన పూవు

ఈ నెల వేదపాఠము: సంతుష్టిని గూర్చి

చదువవలసిన వాక్యభాగములు: మత్తయి 6:19–34, లూకా 12:13–21, ఫిలిప్పీయులకు 4:10–18, 1 తిమోతి 6:6–10, హబక్కూకు 3:17–18.



మెండోర చుట్టుప్రక్కల కాపురముండు మనకు పసుపు అనగా ఏమో ఒకరు చెప్పవలసిన పనిలేదు. తొలకరి వానలకు విత్తనపు కొమ్ము నేలలో పెట్టినది మొదలు, చలికాలము గడిచి త్రవ్వి, ఉడికించి, కల్లములో ఎండబోసి, నిజామాబాదు మార్కెట్టు యార్డుకు చేర్చువరకు అది ఇంటి బిడ్డవలె మనతో నుండును. దాని దుంప మనకు తెలియును, దాని ధర తెలియును, దాని తెగులును తెలియును. అయితే దాని పూవు ఎట్లుండునో చెప్పుమని అడిగినయెడల మనలో అనేకులు కొంచెము తడబడుదురు.

పసుపు పూయును. వానాకాలము ముదిరి, ఆకు నడుము ఎత్తు పెరిగిన తరువాత, ఆ ఆకుల నడుమ క్రిందుగా ఒక కంకి లేచును. చిన్న దొన్నెలవంటి లేత ఆకుపచ్చ రేకులు ఒకదానిమీద నొకటి అమరియుండును. పైకొసనున్నవి తెల్లగానో లేత గులాబి వన్నెగానో యుండును. ఆ దొన్నెల సందులలోనుండి పసుపుపచ్చని పూలు తొంగిచూచును. గట్టుమీద నడచిపోవువానికి అది కనబడదు. ఆకులు తొలగించి వంగి చూచినవానికే కనబడును. మన సంతలో దానిని అడుగువారు లేరు. మరియొక సంగతి యున్నది. ఆ పూవు గింజ కట్టదు. పసుపులో కొమ్మునుండి కొమ్ము పుట్టుటయేగాని గింజనుండి మొలచుట లేదు. దాని కణములలో క్రోమోసోములు రెండు వరుసలకు బదులు మూడు వరుసలుగా నుండుటవలన సరియైన బీజము ఏర్పడదని వృక్షశాస్త్రజ్ఞులు తేల్చిరి. కాబట్టి అంత చక్కని పూవు అమ్మకమునకు రాదు, విత్తనమునకును రాదు. అయినను ఏటేట పూచుచునే యున్నది.

ఎవరి కొరకు? ఈ ప్రశ్నను చేతబట్టుకొని, ప్రభువు కొండమీద చేసిన ప్రసంగములోని ఆరవ అధ్యాయమునకు పోవుదము.

చూచుట, నేర్చుకొనుట

అక్కడ ప్రభువు రెండు దృష్టాంతములు చెప్పెను: ఆకాశమునందలి పక్షులు ఒకటి, అడవిపూలు రెండవది. మనము ఈ రెంటిని కలిపి ఒక్కటిగా చదివి, పెండ్లి కార్డులమీదను గోడ క్యాలెండరులమీదను అచ్చువేసికొని, అంతటితో విడిచిపెట్టుచున్నాము. అయితే ఆయన వాడిన క్రియలు వేరువేరు. పక్షుల విషయములో గ్రీకు మూలములోని మాటకు, కన్ను నిలిపి చూడుడని అర్థము. పూల విషయములో వాడిన మాట ఇంకను బలమైనది; దానికి శ్రద్ధగా, పూర్తిగా నేర్చుకొనుడని అర్థము. పాఠశాలలో శిష్యుడు గురువునొద్ద నేర్చుకొనుటను తెలుపు మాటకు అది చుట్టము. పూవు గురువు, మనము శిష్యులము అన్నమాట.

ఇప్పుడు ఫిలిప్పీ పత్రిక నాలుగవ అధ్యాయమును ఆ ప్రక్కన పెట్టి చూడుడి. అపొస్తలుడైన పౌలు బంధకములలోనుండి వ్రాయుచు, తాను ఏ స్థితిలోనున్నను తృప్తితో నుండుటను నేర్చుకొంటినని చెప్పుచున్నాడు. అక్కడి నేర్చుకొనుట అను మాటయు ఈ ధాతువునుండి పుట్టినదే. ఇందువలన మనకు తెలియవలసినదేమి? తృప్తి కొందరికి పుట్టుకతో వచ్చు మంచి స్వభావము కాదు. ఇల్లు కట్టి, ఆడపిల్ల పెండ్లి చేసి, అప్పు తీర్చిన తరువాత దానంతట అదే వచ్చి కూర్చుండు చుట్టమును కాదు. అది నేర్చుకొనవలసిన విద్య. నేర్వనివానికి కోటి రూపాయలున్నను రాదు.

పౌలు వాడిన తృప్తి అను పదమును ఆ కాలపు స్తోయికులను తత్త్వజ్ఞానులును వాడెడివారు. వారి అర్థములో అది ఎవరి అక్కరయు లేక తనకు తానే చాలియుండుట. పౌలు ఆ పదమును తీసికొని దాని తల మార్చెను. తనను బలపరచువాని యందే తనకు ఈ శక్తి యని చెప్పెను. అంతేగాక, ఆ వెంటనే ఫిలిప్పీయులు ఎపఫ్రొదితు చేత పంపిన కానుక నిమిత్తము సంతోషించుచున్నాడు. తృప్తిగలవాడు ఇతరుల చేయి విదలించుకొనువాడు కాడు. నాకేమియు అక్కరలేదని మూతి బిగించి కూర్చుండు పెద్దమనుష్యులు కొందరు మన సంఘములలో గలరు. అది గర్వమేగాని తృప్తి కాదు.

సొలొమోను, పొయ్యి

ప్రభువు పూవును సొలొమోను ప్రక్కన నిలువబెట్టెను. మొదటి రాజుల గ్రంథము పదవ అధ్యాయములో ఆ రాజు బంగారము, సింహాసనము, ఓడలు వర్ణింపబడియున్నవి. షేబ దేశపు రాణి వాటిని చూచి నివ్వెరపోయెను. అంత వైభవముకంటె ఒక అడవిపూవు వస్త్రము మేలైనదని ప్రభువు తీర్పు. ఇది కవిత్వపు అతిశయోక్తి యని త్రోసివేయవద్దు. రాజు వస్త్రము నూలు పోగును రంగును కలిపి బయటనుండి తొడిగినది. పూవు వన్నె దాని జీవములోనుండియే వచ్చినది.

ఆ పిమ్మట ఆయన పొయ్యిని తలంచెను. పాలస్తీనా దేశములో కట్టెలు కొరత. వసంతమున పూచిన గడ్డిని ఎండిన తరువాత కోసి మట్టి పొయ్యిలో మంటవేయుదురు. ఈ మాట పట్టణపు వారికి విడ్డూరముగా నుండును గాని మనకు కాదు. త్రవ్వుటకు ముందు పసుపాకును కోసి ఆరబెట్టుదుము గదా. పూర్వము పెద్ద కళాయిలలో కొమ్ములను ఉడికించునప్పుడు పైన ఆ ఆకునే కప్పి, క్రింద ఎండుటాకునే మంటకు వేసెడివారు. ఆవిరి బాయిలర్లు వచ్చినను కల్లముల దగ్గర ఆ వాసన ఎరుగని వారెవరు? వానాకాలమున పూవును మోసిన మొక్కయే మాఘమాసమున పొయ్యిలోనికి పోవును. అట్టి దానికి దేవుడు అంత శ్రద్ధతో వస్త్రము తొడిగెను. దానిని చూచి ప్రభువు తీసిన లెక్క యేమనగా, పొయ్యిపాలగు దానికే అంత శ్రద్ధయైతే, తన స్వరూపమందు చేసికొన్న నరునికి ఎంత శ్రద్ధ యుండవలెను? విశ్వాసము కొంచెమైనవారని ఆయన మనలను పిలుచుట కోపముతో కాదు, ఈ లెక్క రాని పిల్లలను చూచి తండ్రి పిలిచినట్లే.

కొట్లు, జలాశయము, ధర

లూకా పండ్రెండవ అధ్యాయములోని ధనవంతుని కథ ఎట్లు మొదలైనదో గమనించితిరా? తండ్రి ఆస్తి పంచి యిమ్మని తన అన్నకు చెప్పుడని యొకడు ప్రభువును అడిగెను. అన్నదమ్ముల పొత్తు తగాదా! గెట్టు రాయి జరిగినదని కోర్టుల చుట్టు తిరుగు కుటుంబములు మన ఊళ్లలో ఎన్ని గలవో మీరే లెక్కింపుడి. ప్రభువు ఆ పంచాయితికి పెద్దగా కూర్చుండ నొప్పుకొనక ఈ కథ చెప్పెను.

ఆ ధనవంతునికి పంట ఇచ్చినది నేల. వాన దేవునిది, ఎండ దేవునిది, కోసినవారు కూలివారు. అయినను అతని మాటలలో నేల లేదు, వాన లేదు, కూలివారు లేరు. నా పంట, నా కొట్లు, నా ప్రాణము అని ఒక్కటే జపము. అతడు తన చేనిలోనికి పోయి ఒక్క వెన్నునైనను చేతబట్టి చూచినట్లు కథలో లేదు. పంట దాచుట పాపమని ఇక్కడ చెప్పబడలేదు. యోసేపు ఐగుప్తులో ఏడేండ్ల పంటను కొట్లలో దాచెను. దానివలన జనులు బ్రదికిరి. ధర లేనప్పుడు పసుపును శీతల గిడ్డంగిలో ఉంచి ధర వచ్చినప్పుడు అమ్ముకొను రైతును ఈ వాక్యముతో కొట్టువారు వాక్యమును సరిగా చదువలేదని నా అభిప్రాయము. ధనవంతుని వెఱ్ఱితనము కొట్లు కట్టుటలో లేదు, కొట్లతో ప్రాణమునకు మేత వేయవచ్చునని తలంచుటలో నున్నది.

మన కన్నులయెదుటనే ఒక పెద్ద కొట్టు గలదు. పోచంపాడు వద్ద గోదావరికి అడ్డముగా కట్టిన శ్రీరాంసాగరు. 1963 జూలై 26న నాటి ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ దానికి శంకుస్థాపన చేసెను. 42 గేట్లుగల ఆ కట్టడమువలన ఎన్ని జిల్లాల పొలములు పచ్చబడెనో మనమెరుగుదుము. దాని కొరకు ఎన్ని గ్రామములు ఇండ్లు వాకిండ్లు విడిచి లేచిపోయెనో అదియు ఎరుగుదుము. మొదట దానిలో 112 టి.ఎం.సి.ల నీరు నిలుచునని లెక్క. ఏటేట వరదతో వచ్చు ఒండ్రు అడుగున పేరుకొనుటవలన ఆ నిలువ సుమారు 80 టి.ఎం.సి.లకు తగ్గినదని తరువాతి కొలతలు చెప్పుచున్నవి. మేలైన ఉద్దేశముతో, గొప్ప ఇంజనీర్లు కట్టిన కొట్టుకే చిమ్మటయు తుప్పును ఒండ్రు రూపమున వచ్చినవి. అట్లని ఆనకట్ట వ్యర్థమనరాదు. దానిని కాచుకొనవలెను, పూడిక సంగతి చూడవలెను. అయితే దానిమీద ప్రాణము పెట్టుకొనరాదు.

ధర సంగతియు నట్టిదే. 2010–11లో పసుపు క్వింటాలు 15 వేల రూపాయలు దాటెను. రెండేండ్లలోపలనే అందులో మూడవ వంతునకు దిగెను. 2024 మార్చిలో నిజామాబాదు యార్డులో 18 వేలు దాటెను. ఈ ఎత్తుపల్లములను నమ్మి బ్రదుకువాని సంతోషము ఒక యేడు మేడమీద, ఒక యేడు బావిలో నుండును.

ఇక్కడ ఒక అపార్థమును తొలగింపవలసియున్నది. తృప్తిని గూర్చి బోధించునప్పుడెల్ల, పేదవాడు నోరు మూసికొని యుండవలెనని చెప్పుచున్నారని కొందరు అనుకొందురు. కొందరు బోధకులు అట్లే చెప్పుదురు గూడ. 2019 లోక్‌సభ ఎన్నికలలో పసుపునకును ఎర్రజొన్నకును న్యాయమైన ధరయు, పసుపు బోర్డును కోరుచు మన జిల్లా రైతులు 178 మంది నిజామాబాదు స్థానమునకు పోటీచేసిరి. మొత్తము అభ్యర్థులు 185 మంది. దేశమంతయు తిరిగి చూచెను. 2025లో జాతీయ పసుపు బోర్డు నిజామాబాదులో ప్రారంభమైనది. ఆ రైతులు అడిగినది అత్యాశయా? కాదు. చేలు కోసినవారి కూలిని బిగబట్టుట దేవుని చెవిని చేరు మొరయని యాకోబు తన పత్రిక అయిదవ అధ్యాయములో వ్రాసెను. న్యాయము నడుగుట వేరు, న్యాయము దొరకిన తరువాతను ఇంకను ఇంకను అని నాలుక చాచుట వేరు. మొదటిదానిలో తృప్తిగలవాడే ధైర్యముగా నిలుచును, ఏలయనగా వానిని కొనుట కష్టము.

సముద్రముల కవతలనున్న వారు

ఆర్మూరు, బాల్కొండ ప్రాంతముల ఇండ్లలో గల్ఫు దేశములకు పోయినవారు లేని వాడ అరుదు. దుబాయి, మస్కటు, సౌదీ అను పేర్లు మన ముసలివారికి కూడ పొరుగూళ్ల పేర్లవలె నోటికి వచ్చును. వారిలో అధికులు అప్పు తీర్చుటకు పోయినవారు. వారిని లోభులని చెప్పుటకు నాకు నోరు రాదు. అయితే మొదటి అప్పు తీరిన తరువాత ఏమి జరుగుచున్నది? ప్రక్కవాని ఇంటికి రెండవ అంతస్తు లేచెను గనుక మనకును కావలెను. చెల్లెలి పెండ్లిలో ఇన్ని తులములు పెట్టిరి గనుక బిడ్డ పెండ్లిలో అంతకు మించి పెట్టవలెను. రెండేండ్లని పోయినవాడు పదునైదేండ్లు ఎడారిలో గడుపును. కొడుకు తండ్రిని ఫోనులో ఎరుగును, పాలరాతి బండలు పరచిన ఇంటిలో తల్లి ఒంటరిగా కూర్చుండును. తిమోతికి వ్రాసిన మొదటి పత్రికలో పౌలు అన్నవస్త్రముల మాట చెప్పెను. అక్కడ వస్త్రమునకు వాడిన గ్రీకు మాటకు కప్పు అని అర్థము. ఒంటిమీది బట్టయు, తలమీది కప్పును అందులో ఇమిడియుండవచ్చునని పండితులు చెప్పుదురు. కాబట్టి తల దాచుకొనుటకు ఇల్లు కోరుట తప్పుకాదు. ఎంత ఇల్లు, ఎన్నేండ్ల ఎడబాటుకు అను లెక్క ఎవరికి వారు దేవుని సన్నిధిని, భార్యాభర్తలు కలిసి, వీసా కాగితము మరల చేతికి రాకముందే వేసికొనవలెను.

ఎడారిలో ఇశ్రాయేలీయులకు మన్నా కురిసినప్పుడు అవసరమునకు మించి దాచినది పురుగుపట్టెనని నిర్గమకాండము పదునారవ అధ్యాయము చెప్పుచున్నది. దినమునకు దినము ఏరుకొనుట వారికి నలువదేండ్ల బడి.

భూమి లేనివారి మాట

వాక్యపు కూడికలలో ఒక ప్రశ్న వచ్చును. “అయ్యగారూ, చేను ఉన్నోళ్లు పూవు చూసుకుంటరు. మాకు గుంటెడు జాగ లేదు, మేమేం చూడాలె?” ఇది అలక్ష్యము చేయదగిన ప్రశ్న కాదు. మన సంఘములలో పరుల చేలలో పసుపు త్రవ్వి కూలి తెచ్చుకొను తల్లులు ఎందరో గలరు.

దీనికి రెండు సమాధానములు. మొదటిది, కొండప్రక్కన కూర్చుండి ఈ మాటలు విన్న జనసమూహములో ఆస్తిపరులు తక్కువ. దినకూలికి పోవువారు, జాలరులు, రోగులు ఎక్కువ. ప్రభువు వారికి పట్టా అక్కరలేని వాటినే చూపెను. గోదావరి మీదుగా వచ్చు గాలికి పాసుబుక్కు లేదు. వేసవిలో నీరు వెనుకకు తగ్గినప్పుడు నందిపేట వైపు జలాశయపు అంచున పచ్చిక పరచుకొనును. కొంగలు, వలస పక్షులు దిగును, కృష్ణజింకలు మేతకు వచ్చును. దానికి శిస్తు కట్టువాడెవడు? తంగేడు పూచినప్పుడు, పాలపిట్ట రెక్క విప్పి ఆ నీలివన్నె చూపినప్పుడు, దొరకును జీతగానికిని దేవుడు ఒకే పాలు పంచెను. చూచు కన్ను ఎవనికున్నదో వాడే ఆ ఆస్తికి హక్కుదారుడు.

రెండవ సమాధానము చేను ఉన్నవారికి. లేవీయకాండము పందొమ్మిదవ అధ్యాయము ప్రకారము పొలము అంచులు, రాలిన పరిగె పేదలవి. పసుపు త్రవ్విన చేనిలో మంటిలో మిగిలిన కొమ్ములను ఏరుకొనుటకు ముసలమ్మ వచ్చినయెడల ఆమెను గద్దింపకుడి. ఆ కొమ్ములు మీవి కావు. తృప్తి ఒకని యింట నిజముగా ప్రవేశించినదో లేదో అతని చేని గట్టుమీద తెలియును.

మన జిల్లాలోనే దీనికొక సాక్ష్యము గలదు. డాక్టరు ఇసబెల్ కెర్ అను స్కాట్లండు దేశపు వైద్యురాలు, ఆమె భర్త రెవరెండు జార్జి కెర్ వెస్లియన్ మెథడిస్టు మిషను పక్షమున వచ్చి, 1915లో డిచ్‌పల్లిలో కుష్ఠరోగుల ఆస్పత్రిని నెలకొల్పిరి. ఆ కార్యమునకు పెద్ద మొత్తము నిచ్చినది రాజా నర్సాగౌడు అను హిందువు. ఆయన వడ్డీ వ్యాపారము చేసినవాడు. ఊరు వెలివేసినవారికి ఆయన సొమ్ము నీడయయ్యెను. ఆ దినములలో రోగులకు వాడిన మందు చాల్‌మూగ్రా జాతి అడవి చెట్ల గింజలనుండి తీసిన నూనె. కథలోని ధనవంతుని కొట్టు, డిచ్‌పల్లిలో తెరచుకొన్న కొట్టు, ఈ రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చూడుడి. 1932లో డాక్టరు కెర్ ఈ దేశములోనే మరణించెను.

దుంప కుళ్ళినప్పుడు

ఇంతవరకు చెప్పినది ఏపుగా పెరిగిన చేను గట్టుమీద నిలిచి చెప్పినది. ప్రకృతి ఎల్లప్పుడును సౌమ్యురాలు కాదు. వడగండ్లు పడును, అడవి పందులు ఒక రాత్రిలో మక్కచేను పాడుచేయును. నీరు నిలిచిన చేలలో దుంపకుళ్ళు సోకినయెడల పైన ఆకు పచ్చగానుండగానే క్రింద కొమ్ము మెత్తబడును, తెలిసికొనునప్పటికి ఆలస్యమగును. అప్పులవారు గుమ్మములో నిలిచినప్పుడు పూవును చూచి సంతోషించుమని చెప్పువాని మాట ఎవనికి రుచించును?

ఇందుకే హబక్కూకును పాఠములో చేర్చితిమి. ఆ ప్రవక్త అంజూరము పూయకపోవుటను, ద్రాక్ష ఫలింపకపోవుటను, దొడ్డిలో గొఱ్ఱె లేకపోవుటను ఒక్కొక్కటిగా లెక్కించి చెప్పెను. దేనిని దాచలేదు, తేలికచేయలేదు. ఆ లెక్క ముగిసిన తరువాతనే తన రక్షణకర్తయైన దేవునియందు ఆనందించెదనని చెప్పెను. పూవు ఇచ్చునది తృప్తి కాదు. తృప్తినిచ్చువాని వ్రాలు మాత్రము పూవుమీద నున్నది. వ్రాలు చెరిగిపోయిన ఏటను చేయి అట్లే యున్నది. పిచ్చుక నేలరాలునని ప్రభువే చెప్పెను (మత్తయి 10:29). రాలదని ఆయన మాట ఇవ్వలేదు. తండ్రి లేకుండ రాలదని మాట ఇచ్చెను. దుంపకుళ్ళు సోకిన ఇంటికి సంఘస్థులు పోవునప్పుడు ఈ వచనము నోటితో చెప్పుటకు ముందు, ఆ యింటి విత్తనపు కొమ్ముల లోటును వచ్చే తొలకరిలోగా మనలో ఎవరు తీర్చగలరో మాటలాడుకొని పోవుట మేలు. ఫిలిప్పీయులు పౌలుకు ఉత్తరము మాత్రమే పంపలేదు గదా.

ఇంటివద్ద చేయవలసిన అభ్యాసము

1. వచ్చే కూడికలోగా ఏడు దినములు, దినమునకు పావుగంట, మీ త్రోవలోనున్న ఒక్క మొక్కనుగాని ఒక్క పక్షినిగాని గమనింపుడి. ఫోను ఇంటివద్ద విడువుడి. చూచినది పిల్లలచేత కాగితముమీద వ్రాయించుడి.

2. లూకా 12:16–19లో ధనవంతుడు తనను గూర్చి, తనవాటిని గూర్చి ఎన్నిమారులు చెప్పుకొనెనో లెక్కపెట్టుడి.

3. గడచిన సంవత్సరములో మీరు కొన్న వస్తువులలో, ప్రక్కింటివారికి లేకపోయినట్లయితే మీరును కొనకుందురు అనిపించునవి ఏవి? భార్యాభర్తలు కలిసి చెప్పుకొనుడి, కూడికలో చెప్పనక్కరలేదు.

4. గల్ఫునందున్న మన సంఘపు కుమారులకు ఈ పాఠమును చదివి వినిపించి, వారికి మన ఊరి చెట్లలో, పిట్టలలో ఏది జ్ఞాపకము వచ్చుచున్నదో అడిగి వ్రాసికొని రండి. స్త్రీల సమాజమువారు ఆ పేర్లను పలకమీద వ్రాసి, ఆదివారపు బడి పిల్లలను ఆ చెట్ల దగ్గరకు తీసికొనిపోవుదురు.